మూలన కుట్టిన మూట

షాహజాది కుట్టిన బొంతకు ఆర్మూర్‌లో వంక పెట్టినవాళ్లు లేరు. పెట్టాలని చూసినవాళ్లు ఉన్నారు, ఊరన్నాక ఉంటారు. కానీ బొంతను వెలుగుకు ఎత్తిపట్టి, అటు తిప్పి ఇటు తిప్పి, పోగు ఎక్కడ మొదలైందో ఎక్కడ ముగిసిందో కనిపెట్టలేక నోరు మూసుకుని పోయినవాళ్లే అందరూ. చంటిపిల్లల బొంతకు కొత్త గుడ్డ పనికిరాదు. కొత్త గుడ్డకు గంజి ఉంటుంది, గరుకు ఉంటుంది, పసిదాని వీపు కందిపోతుంది. కట్టి కట్టి, ఉతికి ఉతికి, రంగు వెలిసి మెత్తబడ్డ నేత చీరలే కావాలి. అవి కూడా బిడ్డ సొంత మనుషులవే అయ్యుండాలి. బొంత చిరిగితే మళ్లీ షాహజాది దగ్గరికే వస్తుంది, ఆమె అతుకు వేసి పంపుతుంది. ఒకే బొంత మీద అన్నాచెల్లెళ్లందరూ పెరిగిన ఇళ్లు ఆ ఊళ్లో బోలెడు.

పసుపు కమీషన్ వ్యాపారం చేసే కమలాబాయి ఇంటికి మాత్రం ఇంకో పద్ధతి ఉంది. బిడ్డ తల వచ్చే మూలలో, పొరల మధ్య ఒక చిన్న గుడ్డమూట పెట్టి కుట్టాలి. అందులో వస కొమ్ము, వాము, ఒక పసుపు కొమ్ము ఉంటాయి. దగ్గు, జలుబు దగ్గరికి రావని, దిష్టి తగలదని వాళ్ల నమ్మకం. మూటను ఇంటి పెద్దావిడే కడుతుంది. కుట్టే మనిషి దాన్ని విప్పి చూడకూడదు. విప్పితే మూటకున్న బలం పోతుందట. షాహజాది ఎన్నడూ విప్పలేదు. వాళ్ల నమ్మకం వాళ్లది, తన సూది తనది.

ఆ రోజు కమలాబాయి మనవరాలిని తొట్టెలలో వేస్తున్నారు. కూతురు సాహితికి తొలిచూలు, ఆడపిల్ల. పొద్దున్నే ఆటో సాయన్న వచ్చి బొంత పట్టుకుపోయాడు. షాహజాది కూడా భోజనానికి వెళ్లాల్సిందే, కానీ లేచినప్పటి నుంచి తల దిమ్ముగా ఉంది, కడుపులో తిప్పుతోంది. రాత్రి బొంతను మడిచి తలాపున పెట్టుకుని పడుకుంది, పిల్లి ఎక్కుతుందని. నిద్ర సరిపోలేదేమో అనుకుని చాయ్ పెట్టుకుంటుండగా ఫోన్ మోగింది.

"షాహజాదీ, బొంత మస్తుగ కుదిరిందే," అంది కమలాబాయి. ఆమె వెనక ఆడవాళ్ల నవ్వులు, గిన్నెల చప్పుడు. "జర మూలకు సందు ఉంచినవా? మూట పంపుడు మర్చిపోయిన. దేవునర్రల్నే ఉన్నది. నేనే వెట్టి కుట్టుకుంట తియ్యి."

"మూటనా అమ్మా?"

"అవునే, వస మూట. ఆగాగు, పంతులు పిలుస్తుండు, మల్ల జేస్త." ఫోన్ పెట్టేసింది.

షాహజాది స్టవ్ ముందు అలాగే నిలబడిపోయింది. చాయ్ పొంగి పోయింది. మూట దేవునర్రలోనే ఉంటే, తను కుట్టిన మూట ఏమిటి?

కమలాబాయి పంపిన పాత చీరల మధ్య దొరికింది అది. తెల్ల గుడ్డలో కట్టిన చిన్న మూట, లోపల పాలిథీన్ కాగితం చప్పుడు. తడి తగలకుండా వామును కాగితంలో చుట్టారు కాబోలు అనుకుంది. పొరల మధ్య మూట జారకుండా ఉండాలంటే దాని గుండా కుట్టు పోవాలి. అందుకే నిన్న సాయంత్రం మూట మీదుగా సూది దించి పైకి లాగింది. సూది మొనకు బూడిద రంగు పొడి అంటింది. గుప్పున వెల్లుల్లి వాసన వచ్చింది. బాలింత ఇంట్లో వెల్లుల్లి పొట్టు, వాము నిప్పుల మీద వేసి పొగ పట్టడం ఎవరింట్లోనైనా ఉన్నదే. చీరలకు, మూటకు ఆ పొగే పట్టిందనుకుంది. పైగా ఆ వాసనకు మురిసిపోయింది కూడా. పెద్దావిడ ఎంత శ్రద్ధగా కట్టిందో అనుకుని, ఇంకో రెండు కుట్లు గట్టిగా వేసింది.

భర్త హబీబ్ మార్కెట్ యార్డులో హమాలీ. పసుపు సీజన్ కదా, ఊపిరాడని పని. వాకిట్లో కూర్చుని చెప్పుల పట్టీ సరిచేసుకుంటున్నాడు. షాహజాది సూదుల డబ్బా తెచ్చి ఆ సూదిని అతని ముక్కు దగ్గర పెట్టింది. ఆ ఇంట్లో మాట్లాడుకునేది దక్కనీ ఉర్దూ. ఆ భయాన్ని ఏ భాషలో చెప్పినా అది తగ్గదు.

"గిది ఏం వాసన జర చూడు."

హబీబ్ వాసన చూసి తల వెనక్కి లాక్కున్నాడు. "ఏడిదే గిది? గోదాముల బస్తాల సందున పెట్టే మందు గోలీలది. పసుపుకు పురుగు పట్టకుంట పెడ్తరు. గోలీలు వెట్టి, పట్టా గప్పి, తలుపులేసి, అందరం బైటికొస్తం. మల్ల గాలాడేదాక ఎవ్వలను లోపలికి పోనియ్యరు."

"వెల్లుల్లి కాదా?"

"వాసన గట్లనే వస్తది. గని వెల్లుల్లి ఎవ్వలనన్న సంపుతదా?"

షాహజాది సూదిని దూరంగా పట్టుకుంది. "దానికి తడి దగిల్తే?"

"తడి దగిల్తే ఇంక జోరుగ లేస్తది. ఎందుకడుగుతున్నవే?"

ఆమెకు తొట్టెల గుర్తొచ్చింది. కమలాబాయి ఇంట్లో ఇంకో పట్టింపు కూడా ఉంది. తొట్టెలలో మొదటిసారి పరిచిన బొంతను బిడ్డ తడిపేదాకా తీయరు. బిడ్డ తడిపితేనే బొంత ఆ బిడ్డది అయినట్టు. అప్పుడు ఆడవాళ్లంతా చప్పట్లు కొట్టి, బిడ్డను ఎత్తి, బొంతను ఎండకు వేస్తారు. ఏటా చూసేదే, తను కూడా చప్పట్లు కొట్టిందే.

చెప్పీ చెప్పక మునుపే హబీబ్ ముఖం నల్లబడింది. కమలాబాయికి ఫోన్ చేశారు, ఎత్తలేదు. ఆమె కొడుకు మధుకర్‌కు చేశారు, ఎత్తలేదు. మేనకోడలి తొట్టెల అయినా సీజన్ సీజనే. యార్డులో వేలం పాటల మధ్య ఆయనకు ఫోన్ మోత వినిపించదు.

"నేను యార్డుకు పోయి మధుకర్ సేటును తోలుకొస్త. నువ్వు సాయన్న ఆటోల ఇంటికి పో," అన్నాడు హబీబ్ చొక్కా తొడుక్కుంటూ. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు. "మందు అని నోరు జారకు. సేటుకు చెవిల నేను చెప్త. ఆడోళ్ల ముంగట సూది ఉండిపోయిందని చెప్పి బొంత తీస్కొని బైటికి రా. షాహజాది బొంతల విషం వెట్టిందని ఒక్కలన్నరంటే సాలు, మనం ఈ ఊర్ల బతుకుడు కష్టం."

అతను చెప్పకపోయినా ఆమెకు తెలుసు. సూది ఉండిపోవడం పొరపాటు, తిట్టి వదిలేస్తారు. విషం అనే మాట అలా కాదు. ఎలా వచ్చింది, ఎవరు పెట్టారు అని అడిగేలోపే అది ఊరు చుట్టి వస్తుంది. వచ్చేటప్పుడు ఇంకో నాలుగు మాటలు తగిలించుకుని మరీ వస్తుంది.

ఆమె ఆటో ఎక్కగానే సాయన్న అడిగాడు, "ఏమైందక్కా, గంత పరేషాన్ ఉన్నవ్?"

"బొంతల సూది ఉండిపోయిందన్నా. జల్దీ పోనీ." అబద్ధం ఎంత సులువుగా వచ్చిందో ఆమెకే ఆశ్చర్యం వేసింది.

జల్దీ పోనీయడానికి రోడ్డు ఉండాలి కదా. యార్డు వైపు పసుపు ట్రాక్టర్లు వరస కట్టి ఉన్నాయి. బాల్కొండ నుంచి, మాక్లూర్ నుంచి వచ్చిన బస్తాలు, వాటి మీద కునుకుతున్న రైతులు. ఒక లారీ అడ్డం తిరిగి, ముందుకూ పోదు వెనక్కూ పోదు. డ్రైవర్లు హారన్లు కొడుతున్నారు, హారన్ కొడితే లారీ కరిగిపోతుందన్నట్టు. గాలి నిండా పసుపు దుమ్ము. సాయన్న ఆటోను సందులోకి తిప్పాలని చూశాడు, అక్కడ బండి అడ్డం. షాహజాది ఫోన్ నొక్కుతూనే ఉంది. మోగుతోంది, ఎవరూ ఎత్తరు. ఇప్పుడు పంతులు లేచి ఉంటాడు. ఇప్పుడు బొంత పరిచి ఉంటారు. ఇప్పుడు బిడ్డకు పాలు పట్టి ఉంటారు. పాలు తాగిన బిడ్డ ఎంతసేపు ఆగుతుంది?

ఆమె ఆటో దిగి నడక మొదలుపెట్టింది. తర్వాత అది నడక కాదు, పరుగు. చీర కుచ్చెళ్లు చేత్తో ఎత్తిపట్టుకుని, ట్రాక్టర్ల మధ్య నుంచి, ఎవరో "ఏయ్, చూస్కొని" అని అరుస్తున్నా వినకుండా పరుగెత్తింది. అల్లా, ఆ పిల్లను ఒక్క ఘడియ ఆపు, నా బతుకు ఏమైనా గానీ అని మొక్కుకుంది.

కమలాబాయి ఇంట్లో హాలు నిండా ఆడవాళ్లు. కిటికీలు మూసి ఉన్నాయి, పసిదానికి గాలి తగలకూడదని. తొట్టెల చుట్టూ నిలబడి జోలపాట పాడుతున్నారు. సాంబ్రాణి పొగలో వెల్లుల్లి పొట్టు వాసన కూడా ఉంది, ఇంకే వాసన వచ్చినా తెలియదు. బొంత మీద పిల్ల వెల్లకిలా పడుకుని పిడికిళ్లు ఊపుతోంది. తల సరిగ్గా ఆ మూల దగ్గరే ఉంది.

"వచ్చినవా! భోజనాలయ్యే యాళ్లకొచ్చినవ్, తెలివైనదానివే," అంది కమలాబాయి పట్టుచీర సర్దుకుంటూ. ఆమె ముఖం వెలిగిపోతోంది.

"అమ్మా, బొంతల సూది ఉండిపోయింది. పిల్లను జర ఎత్తుండ్రి, తీసిస్త."

పాట ఆగింది. సాహితి గబుక్కున ముందుకు వంగింది. కమలాబాయి మాత్రం నవ్వింది. "సూదా? ఏడున్నదే? పరిచేముందు జానెడు జానెడు తడిమి చూసిన. మా అత్త నేర్పిన పని గది, ఎవలు కుట్టినా తడమకుంట పరుసుడు లేదు. సూది లేదు, గీది లేదు." ఆమె షాహజాది చెయ్యి పట్టుకుంది. "మూట మాత్రం దొరికింది. నేను మర్చిపోయిన్నని నువ్వే కట్టి వెట్టినవ్ గదా? అందరికి జెప్తున్న. నువ్వు కుట్టేదానివి కాదే, ఇంటి మనిషివి."

ఆ మాట షాహజాది గుండెల్లో దిగింది. ఎన్నేళ్లుగానో వినాలనుకున్న మాట, వినకూడని పూట విన్నది. "లేదమ్మా, సూది సన్నది, చేతికి తగల్లేదేమో. ఒక్కసారి ఎత్తుండ్రి."

"ఎట్లెత్తుతరు?" ముందుకు వచ్చింది కమలాబాయి ఆడపడుచు భాగ్యలక్ష్మి. ఆ ఇంటి ఆచారాలకు ఆవిడ కాపలా మనిషి. ఆచారం మరిచిపోతే దేవుడైనా ఆవిడకు జవాబు చెప్పుకోవాల్సిందే. "తడపంది తియ్యరాదు. ఆ డైపర్ ఇప్పియ్యనీకే సాహితితోటి ఇంతసేపు కొట్లాడినం. ఇగ ఇప్పుడో అప్పుడో తడుపుతది. తడిపినంక తీస్కపోయి నీ సూది ఎతుక్కో."

షాహజాది గుమ్మం వైపు చూసింది. హబీబ్ రాలేదు, మధుకర్ రాలేదు. తొట్టెలలో పిల్ల చేతులు ఊపడం ఆపింది. పిడికిళ్లు బిగుసుకున్నాయి, కనుబొమలు ముడిపడ్డాయి, ముఖం ఎర్రబడింది. కళ్లు ఎక్కడో దూరంగా చూస్తున్నాయి. పిల్లల్ని పెంచిన ఏ ఆడదానికైనా ఆ చూపు తెలుసు. చుట్టూ ఉన్నవాళ్లకూ తెలిసింది; చప్పట్లకు చేతులు లేచాయి.

ఆమె ఇక ఆలోచించలేదు. భాగ్యలక్ష్మిని మోచేత్తో తోసి, తొట్టెలలోకి వంగి, పిల్లను రెండు చేతులా ఎత్తి రొమ్ముకు హత్తుకుంది.

హాలంతా ఒక్కసారి గొల్లుమంది. ఎవరో భుజం పట్టి లాగారు. సాహితి "నా బిడ్డ!" అని కేక పెట్టింది. షాహజాది గోడకు వీపు ఆనించి, పిల్లను వదలకుండా అరిచింది: "సూది కాదు! మందు! గోదాముల పెట్టే మందు గోలీలు బొంతల కుట్టిన్నమ్మా! తెల్వక కుట్టిన! బొంతను బైట పారెయ్యిండ్రి, కిటికీలు తెరువుండ్రి, అందరు బైటికి నడువుండ్రి!"

అప్పుడే ఆమె పొట్ట మీద వెచ్చగా తడి తగిలింది. చీర తడిసి, ఆ వెచ్చదనం కాళ్ల దాకా జారింది. పిల్ల హాయిగా ఊపిరి వదిలి ఆవులించింది.

వెనక నుంచి ఎవరో అననే అన్నారు. "విషం వెట్టిందంటనా?"

ఆ మాటకే ఇంతసేపు ఆమె వణికింది. తీరా వచ్చాక, వణకడానికి కూడా తీరిక లేకపోయింది. "కిటికీలు తెరువుండ్రి," అని మళ్లీ అరిచి, పిల్లను సాహితి చేతుల్లో పెట్టి, తల్లినీ బిడ్డనూ కలిపి బయట అరుగు మీదికి నెట్టుకుపోయింది.

మధుకర్, హబీబ్ అప్పుడు వచ్చారు, ఒకే బండి మీద, ఒళ్లంతా పసుపు దుమ్ముతో. మధుకర్ ముక్కుకు రుమాలు కట్టుకుని లోపలికి వెళ్లి, బొంతను కొసన పట్టి, దూరంగా పెరట్లోకి మోసుకుపోయి ఎండలో వేశాడు. కత్తెరతో మూల కోశాడు. లోపలి మూట కనపడగానే అతని చెయ్యి ఆగిపోయింది. గోనెసంచి మూతికి వేసే ముడి, అతను వేసే ముడే. సూది గుచ్చిన చోట పాలిథీన్ చిరిగి, గుడ్డ బూడిద రంగుకు తిరిగింది.

అతను మూటను అక్కడే వదిలి వెనక్కి వచ్చాడు. భాగ్యలక్ష్మి అప్పటికే అరుగు మీద నిలబడి, కుట్టేవాళ్లను ఎంతవరకు నమ్మాలో అందరికీ వివరిస్తోంది.

"అత్తా, నువ్వాగు," అన్నాడు మధుకర్. "గది నేను కట్టిన మూట. గోదాముల పెడ్తమని తెచ్చిన. పిల్లలు తిరిగే ఇల్లు, ఎవల చేతికి అందొద్దని అమ్మ పాత చీరల నడుమ దాచిపెట్టిన. సీజన్ పనిల మర్చిపోయిన." అంత పెద్ద మనిషి మెట్ల మీద కూలబడి రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. భాగ్యలక్ష్మి వివరణ సగంలో ఆగిపోయింది. ఆవిడ జీవితంలో అది అరుదైన సంగతి.

పిల్లను కారులో దవాఖానకు తీసుకుపోయారు. షాహజాది వెళ్లిపోలేదు. అరుగు చివర, వేపచెట్టు నీడలో తడిచీరతోనే కూర్చుంది. ఎవరూ ఆమెకు మంచినీళ్లు ఇవ్వలేదు, ఎవరూ పొమ్మనలేదు. ఆడవాళ్లు దూరంగా గుంపుగా నిలబడి గుసగుసలాడుతూ ఆమెనే చూస్తున్నారు. హబీబ్ పక్కన కూర్చుని, తల వంచుకుని నేల మీద గీతలు గీస్తున్నాడు. రాత్రంతా మూట తన తలాపున ఉంది, తనకే ఇంత తిప్పితే గుప్పెడంత ప్రాణం ఎంత తట్టుకుంటుంది? ఆ ఒక్క ప్రశ్నే ఆమె మెదడులో తిరుగుతోంది.

కమలాబాయి ఫోన్ మోగింది. అందరూ ఆమె ముఖంలోకే చూశారు. షాహజాది కొంగు నోట్లో కుక్కుకుంది.

"మంచిగున్నదట," అంది కమలాబాయి చివరికి, ఎవరికి చెబుతోందో తెలియకుండా, గాలిలోకి. "పాలు తాగుతున్నదట. సాయంత్రం దాక అక్కడ్నే ఉంచి సూస్తరట. ఫికర్ లేదన్నడట డాక్టర్."

షాహజాది ఏడ్చింది. దాచుకోకుండా, ఎవరు చూస్తున్నారో పట్టించుకోకుండా, వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడుస్తుండగానే పట్టుచీర గరగర దగ్గరికి వచ్చి ఆగింది. కొడుతుందేమో అనుకుంది. కొట్టినా సరే అనుకుంది.

"సూది అని ఎందుకన్నవే?" అడిగింది కమలాబాయి.

"భయమైందమ్మా."

"నాకు గాలేదా భయం? నువ్వు దాన్ని గుంజుకుంటే నా పానం పోయింది." ఆమె మెల్లగా అరుగు మీద కూర్చుంది. మోకాళ్ల నొప్పులతో కింద కూర్చోవడం ఆమె మానేసి చాలా కాలమైంది. షాహజాది చీర మీద ఇంకా ఆరని మరకను చూసింది, చెయ్యి చాచి తాకింది.

"తడిపేదాక తియ్యొద్దన్నం గద," అంది. "తడిపింది."

కమలాబాయి ఆ చీర కొంగును రెండు వేళ్ల మధ్య నలిపి చూసింది.

"గిది నేత చీరేనా?"

"నేతదే అమ్మా. మా అమ్మది, పాతది. చిరుగులున్నయ్."

"అయితే గిదే ఉతికి కొయ్యి. పిల్లకు కొత్త బొంతకు పైపొర గిదే రావాలె." కమలాబాయి నడుముకు దోపుకున్న చిన్న మూటను తీసింది. చీరలతో పంపడం మరిచిపోతే దేవునర్రలో ఉండిపోయిన వస మూట అది. షాహజాది అరచేతిలో పెట్టి, వేళ్లు మూయబోయి ఆగింది. ఆ ఇంట్లో తరాలుగా ఏ పెద్దావిడా అనని మాట అంది.

"ఇప్పి చూసి కుట్టు."